పన్నెండు నెలల మాట

మిడెల్‌బర్గ్,
2020 ఏప్రిల్ 2, గురువారం

పెదనాన్న గారికి,

మీరు బాగానే ఉన్నారని నర్సు ఫోన్లో చెప్పింది. మీతోనే మాట్లాడదామంటే మీకు సగం వినపడదు, వినపడిన సగానికి వేరే జవాబు చెబుతారు. మీ వృద్ధుల హోమ్ తలుపులు మూసి రెండు వారాలైంది. ఇక ఉత్తరమే గతి.

లాండ్రీలో చప్పుడు లేదు. నాకు నలభై రెండేళ్ళు వచ్చాయి, ఆదివారం కాకుండా మరో రోజు ఆ యంత్రాలు ఆగడం ఇప్పుడే చూస్తున్నాను. సముద్రం ఒడ్డున హోటళ్ళన్నీ మూతపడ్డాయి. పడుకునే మనిషి లేనప్పుడు ఉతికే దుప్పటి ఎక్కడిది? రోజుకు పది టన్నులు ఉతికిన చోట నిన్న వచ్చింది ఆసుపత్రి గౌన్లు రెండు బండ్లు. ఇస్త్రీ దగ్గర ఆడవాళ్ళు ఒకే గౌనును ముగ్గురు మడతపెడుతున్నారు, ఇంటికి పొమ్మంటానేమోనని భయం.

అసలు సంగతికి వస్తాను. పోయిన ఏడాది లెక్కల మీద సంతకం పెట్టే కాలం వచ్చింది. లాభమే వచ్చింది కూడా. కానీ ఆడిటర్ వాన్ దాలెన్ గారు ఈసారి లెక్కలు వదిలేసి నా మొహం చూస్తున్నాడు. "గడిచింది సరేనమ్మా. నేను రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజు నుంచి పన్నెండు నెలలు ఈ కంపెనీ నడుస్తుందా? అది చెప్పు" అంటాడు. "ఈ జబ్బు ఎప్పుడు పోతుందో మీరు చెప్పండి, నేనది చెబుతా" అన్నాను. నవ్వలేదు. నవ్వితే అదీ ఖర్చు కింద రాయాలేమో.

నెలనెలా లెక్కేసి చూశాను పెదనాన్నా. ప్రభుత్వం జీతాలకు ఇస్తానన్నది కలుపుకున్నా, చేతిలో డబ్బు సెప్టెంబర్ ఆఖరుకి అయిపోతుంది. అప్పుడు ఆయన రిపోర్టులో "ఈ కంపెనీ కొనసాగడం తీవ్ర సందేహం" అని ఒక పేరా రాయాలట. అది చదివితే బ్యాంకు అప్పు కోసేస్తుంది. రిపోర్టు ఊరందరూ చూసేదే కాబట్టి హోటల్ వాళ్ళూ చదువుతారు. రేపు ఉంటుందో ఉండదో తెలియని లాండ్రీకి దుప్పట్లు ఎవడిస్తాడు? బతకడం సందేహమని రాస్తే చాలు, చావు ఖాయమన్నమాట. జూన్ 9న ఆయన సంతకం పెడతాడు.

పొలం అమ్మిన మూడు లక్షల యూరోలు అవసరమైతే లాండ్రీకి పెడతానని నాన్న పోయినప్పుడు మీరు అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, పన్నెండు నెలలు ఆదుకుంటానని. సగం వాటా మీదే కాబట్టి ఆడిటర్‌కి అది చాలు. సందేహం పేరా ఉండదు, ముప్పై నాలుగు మంది ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది.

మందులు మర్చిపోకండి.

మీ యోజీనా


ఖూస్,
ఏప్రిల్ 9

తల్లీ యోజీనా,

నీ ఉత్తరం ఐదు రోజులకు అందింది. లోపలికొచ్చే ప్రతి కాగితాన్నీ రెండు రోజులు అట్టపెట్టెలో బంధిస్తున్నారు, దానికి జ్వరం వస్తుందేమో చూడటానికి. మాకు భోజనం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి పారిపోతున్నారు. నిన్న బంగాళాదుంపలు, కాలీఫ్లవర్. మొన్న కాలీఫ్లవర్, బంగాళాదుంపలు. పక్క గది మాత్యే గారు హార్మోనియం ముందు కూర్చుని పొద్దుట్నుంచీ ఒకటే కీర్తన వాయిస్తోంది. నా చెవుడు కూడా ప్రభువు దయేనని ఇప్పుడు తెలిసింది.

మీ ఆడిటర్‌ది ఏ ఊరు? పన్నెండు నెలలట! మా నాన్న రెండు తొట్లతో ఈ పని మొదలుపెట్టిన రోజున పన్నెండు రోజుల సంగతి కూడా ఎవరూ అడగలేదు. అడిగితే తడిగుడ్డతో కొట్టేవాడు.

అయినా మాట ఇచ్చాను, తప్పను. కాగితం జతచేశాను. మూడుసార్లు రాసి బాగున్నది పంపుతున్నాను. నువ్వు చదువుకోవడానికి ఇక్కడ కూడా రాస్తున్నా:

"నా తమ్ముడి కూతురు నడుపుతున్న మా లాండ్రీకి వచ్చే పన్నెండు నెలల్లో ఎప్పుడు అవసరమైనా మూడు లక్షల యూరోల వరకు, ప్రభువు చిత్తమై, నేను బతికి ఉంటే, ఇస్తాను."

ఇక నిశ్చింతగా నిద్రపో.

మీ పెదనాన్న మరీనుస్


మిడెల్‌బర్గ్,
ఏప్రిల్ 21

పెదనాన్న గారికి,

మీ కాగితం చేరింది. చూడగానే ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ సంతోషం గంటసేపు ఉంది.

వాన్ దాలెన్ గారికి కంప్యూటర్లో వీడియో కాల్‌లోనే చూపించాను. ఆయన గట్టిగా చదివి, "నేను బతికి ఉంటే" దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటి?" అన్నాడు.

"మా వాళ్ళు అలాగే రాస్తారండీ. పెళ్ళి కార్డు మీద, గుడి నోటీసు మీద, పళ్ళ డాక్టర్ దగ్గర టైము తీసుకున్నా ప్రభువు చిత్తమై బతికి ఉంటే వస్తామనే అంటారు. దానికి అర్థం ఏమీ లేదు" అన్నాను.

"అర్థం లేకపోతే తీసేయమనండి. ఆయనకెన్నేళ్ళు?"

"డెబ్బై తొమ్మిది."

"ఎక్కడుంటారు?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు పెదనాన్నా. "ఈ నెలలో ఆ హోమ్‌లో ఉన్న డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి 'బతికి ఉంటే' అని రాస్తే, అది నేను ఆచారం అనుకుని వదిలేయలేను. షరతు పెట్టిన సాయాన్ని సాయంగా లెక్కేయడానికి నాకు అధికారం లేదు" అన్నాడు.

కాబట్టి ఆ నాలుగు మాటలు తీసేసి మళ్ళీ రాసి పంపండి. మిగతాదంతా అలాగే ఉండనివ్వండి. అది ఎలాగూ మనకు నోటి అలవాటే కదా, ప్రభువుకు మీ మనసు తెలియదా?

మీ యోజీనా


ఖూస్,
ఏప్రిల్ 28

యోజీనా,

నోటి అలవాటా? దానికి అర్థం లేదని ఒక పరాయివాడికి చెప్పావా? నిన్ను గుడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినవాణ్ణి నేను. ఆ చెయ్యి ఇప్పుడు సిగ్గుపడుతోంది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ నాన్న కూడా చెప్పి ఉండడు. విను. యాభై మూడులో నాకు పన్నెండేళ్ళు. అప్పుడు మన లాండ్రీ దీవి మీద, గట్టు వెనకే ఉండేది. జనవరి ఆఖరు శనివారం సాయంత్రం డాక్టర్ గారి భార్య వచ్చి దుప్పట్లు ఎప్పుడిస్తారని అడిగింది. తొందరలో ఉంది, నాన్న విసుగులో ఉన్నాడు. "సోమవారం పొద్దున మీ గుమ్మంలో ఉంటాయి, నాదీ పూచీ" అన్నాడు. అంతే అన్నాడు. ఆ నాలుగు మాటలు కలపలేదు. అమ్మ వంటింట్లోంచి తలెత్తి చూసింది కూడా.

ఆ రాత్రే గట్టు తెగింది. సోమవారానికి డాక్టర్ గారి గుమ్మం లేదు, దుప్పట్లు లేవు, మా చెల్లెలు నేలె లేదు. దానికి ఐదేళ్ళు.

నాన్న మాట అనడం వల్ల సముద్రం వచ్చిందని నేననడం లేదు. నాకు చెవుడు గానీ పిచ్చి లేదు. కానీ మా నాన్న ఇంకో ముప్పై ఏళ్ళు బతికి, ఒక్కరోజు కూడా ఆ మాట మర్చిపోలేదు. రేపు నాది అని అనకూడదని ఆయన చచ్చేముందు నా దగ్గర మాట తీసుకున్నాడు.

డబ్బు కావాలంటే డబ్బు తీసుకో, ఇవాళే తీసుకో. ఆ మాట మాత్రం నా దగ్గర లేదు.

మరీనుస్


మిడెల్‌బర్గ్,
మే 6

పెదనాన్న గారికి,

మీ ఉత్తరం అందింది. నేలె అత్త సంగతి నిజంగా నాకు తెలియదు. అలా రాసి ఉండకూడదు, క్షమించండి.

కానీ పెదనాన్నా, నేనేం చేయను? ముందు నుయ్యి వెనక గొయ్యి. డబ్బే ఇవాళ తీసుకో అన్నారు కదా, పరిగెత్తుకుని బ్యాంకుకి వెళ్ళాను. ఆ మూడు లక్షలు నవంబర్ దాకా కదలకుండా వేశారట. ముందే తీయాలంటే మీరు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. హోమ్‌కి ఫోన్ చేస్తే మిమ్మల్ని బయటికి పంపరు. బ్యాంకు మనిషిని లోపలికి పంపుతానంటే రానివ్వరు. "గాజు తలుపు అవతల నుంచి సంతకం పెట్టి చూపిస్తే?" అని బ్యాంకుకి ఫోన్ చేసి అడిగాను. బ్యాంకు పిల్ల నవ్వింది, నిజంగానే నవ్వింది. నేను పళ్ళు నూరుకుని ఫోన్ పెట్టేశాను.

వాన్ దాలెన్ గారు ఇంకో దారి చెప్పాడు. ఆ నాలుగు మాటలు మీరు ఉంచుకోవచ్చు. దాని కింద ఇంకో కాగితం ఉంటే చాలు: మీకు ఏదైనా అయితే మీ వారసులు ఆ మాట నిలబెడతారని. మీకు వారసురాలిని నేనే కాబట్టి ఇబ్బంది ఉండదన్నాడు. ఆ ఫారం జతచేశాను. పెన్సిల్‌తో గుర్తు పెట్టిన రెండు చోట్ల సంతకం పెడితే చాలు.

ఇద్దరి మాటా నిలుస్తుంది, మీదీ ఆయనదీ. ఎంత తేలికో చూడండి!

మీ యోజీనా


ఖూస్,
మే 14

యోజీనాకు,

మా వరసలో పదకొండు గదులు. నాలుగు ఖాళీ అయ్యాయి. మాత్యే గారిది ఐదోది, సోమవారం నుంచి హార్మోనియం లేదు. ఇంత నిశ్శబ్దం చెవిటివాడికి కూడా వినపడుతుంది.

ఆ సోమవారమే నీ ఫారం వచ్చింది. "నా మరణానంతరం" అని మొదలైంది. కింద నీ పేరు, వారసురాలని. పెన్సిల్ గుర్తు చక్కగా పెట్టావు.

నేను పోతే డబ్బు నీకే వస్తుందని నాకూ తెలుసు. నువ్వు ఇప్పటి నుంచే లెక్కేసుకోనక్కర్లేదు. ఓపిక పట్టు, ఈ వరస గాలి చూస్తుంటే ఎక్కువ రోజులు పట్టేలా లేదు.

ఫారం తిప్పి పంపుతున్నాను.

మ.


మిడెల్‌బర్గ్,
మే 26

పెదనాన్న గారికి,

నేను లెక్కేసేది మీ చావు కాదు. ఎన్నిసార్లు రాసినా ఈ వాక్యం ఉత్తరంలో సరిగా నిలబడటం లేదు. ఎదురుగా ఉంటే ఒక్కసారి అంటే సరిపోయేది.

అందుకే శనివారం వచ్చాను. మీ కిటికీ కింద గడ్డిలో నిలబడ్డాను. వంటమనిషి అట్టముక్క ఇస్తే దాని మీద "పెదనాన్నా, అది కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఎత్తి పట్టుకున్నాను. మీరు చూశారు. చూసి తెర వేశారు. అట్టముక్క పట్టుకుని ఇంకా అరగంట అక్కడే నిలబడ్డాను, చేతులు లాగినా దించబుద్ధి కాలేదు. పక్క కిటికీలో ఒక తాతగారు పాపం నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

జూన్ ఒకటి నుంచి హోటళ్ళు కొంచెం కొంచెం తెరుస్తున్నారు. ఒక హోటల్ అప్పుడే మనకు ఫోన్ చేసింది కూడా. కాస్త గాలి ఆడుతోంది. కానీ తొమ్మిదిన వాన్ దాలెన్ గారు ఏం రాస్తే అదే. ఇంక మిమ్మల్ని ఆ కాగితం అడగను.

కాలీఫ్లవర్ మారుస్తారేమో అడిగాను, చూస్తామన్నారు.

మీ యోజీనా


ఖూస్,
జూన్ 8, సోమవారం

తల్లీ యోజీనా,

తెర వేసింది కోపంతో కాదే. నువ్వు చిక్కిపోయావు. చూడలేకపోయాను. అట్టముక్క మీద రాసింది నా కళ్ళకు ఆనలేదు కూడా.

ఇప్పుడు జరిగింది చెబుతాను. మాకు పదింటికి కాఫీ తెచ్చే తన్నెకె ఉంది చూడు, మన వ్యాను తోలే కోబుస్ భార్య. శుక్రవారం మాస్కు వేసుకుని వచ్చి, కప్పు పెట్టి, పోకుండా నిలబడింది. "అయ్యగారూ, ఒకటి అడగనా? కోబుస్ రాత్రిళ్ళు పడుకోవడం లేదు. జూలైలో లాండ్రీలో పని ఉంటుందా?" అని నా చెవి దగ్గర అరిచింది. మాస్కు పైన ఆ కళ్ళు రెండే కనిపిస్తున్నాయి.

"ఉంటుంది" అన్నాను.

అంతే అన్నాను యోజీనా. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. మా నాన్న అన్నట్టే అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ మొహం ఎంత తేలికపడిందో! ఒక మనిషి కళ్ళు చూసి అనగలిగిన మాటను కాగితం మీద రాయనంటే, నేను ప్రభువుకు భయపడుతున్నట్టా, మా నాన్నకు భయపడుతున్నట్టా? రెండు రోజులు ఆలోచించినా తెలియలేదు.

శనివారం సాయంత్రం రాశాను. ఆ నాలుగు మాటలు లేకుండా. జతచేశాను, చూసుకో. ప్రభువు నన్ను క్షమించాలి.

ఆదివారం డ్యూటీ దిగి మీ ఊరు వెళ్ళే నర్సు, "ఇవ్వండి, నేనే వాళ్ళ తలుపు పెట్టెలో వేసి పోతా" అంది. వద్దన్నాను. ప్రభువు దినాన నా పని మీద ఒకరిని తిప్పడమా? ఒకే వారంలో రెండు తప్పులు చేయడం నా వల్ల కాలేదు. అందుకే ఇవాళ పొద్దున్నే పోస్టులో వేయిస్తున్నాను. రేపటికి తప్పకుండా అందుతుందట. చూశావా, వాళ్ళకీ ఆ నాలుగు మాటలు రావు.

అందగానే ఒక్క ముక్క రాయి.

మీ పెదనాన్న


మిడెల్‌బర్గ్,
జూన్ 12

పెదనాన్న గారికి,

ఉత్తరం నిన్న, గురువారం అందింది. అందరూ ఇళ్ళలో కూర్చుని వస్తువులు తెప్పించుకుంటున్నారు, పోస్టు కార్యాలయం పార్సిళ్ళలో మునిగిపోయిందట.

వాన్ దాలెన్ గారు మంగళవారం మధ్యాహ్నం మూడింటికి సంతకం పెట్టేశాడు. సందేహం పేరా ఉంది. అది బ్యాంకుకు కూడా చేరింది. నిన్న మీ కాగితం పట్టుకుని ఆయన ఆఫీసుకు పరిగెత్తాను, గుమ్మంలోనే నిలబెట్టి చదివాడు. రెండుసార్లు చదివాడు. "ఇది సోమవారం వచ్చి ఉంటే నేను వేరేలా రాసేవాణ్ణి" అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది. "మార్చండి, రెండు రోజులే కదా" అన్నాను. తారీఖు వేసి బయటికి పంపిన రిపోర్టును తాను వెనక్కి తీసుకోలేనని, తీసుకుంటే రేపు తన రిపోర్టు ఎవరూ నమ్మరని చెప్పాడు. అదీ నిజమే.

సమయానికే అందిందని మీకు అబద్ధం రాద్దామని కాగితం తీశాను. చేతకాలేదు. మీరు రాసిన ఆ కాగితం నాకు ఎంత విలువైనదో మాత్రం నమ్మండి. మీకు ఎంత కష్టమైందో నాకు తెలుసు పెదనాన్నా.

ఇంకా ఏదో ఒకటి చూస్తాను.

మీ యోజీనా


మిడెల్‌బర్గ్,
జూలై 28

పెదనాన్న గారికి,

మీరు రెండు ఉత్తరాలు రాశారు, జవాబివ్వలేదు. ఇవ్వడానికి మంచిది ఏదైనా దొరుకుతుందేమోనని ఆగాను.

బ్యాంకు జూన్ ఆఖరులో అప్పు సగానికి కోసింది. వారం తిరిగేసరికి దుప్పట్లు అద్దెకిచ్చే కంపెనీ మూడు నెలల డబ్బు ముందే కట్టమంది. "ఇన్నేళ్ళుగా ఒక్కరోజు ఆలస్యం చేశానా?" అని అడిగితే, "మీరు కాదమ్మా, మీ రిపోర్టు" అన్నాడు అక్కడి మనిషి. ఆ తర్వాత హోటళ్ళు. ఒక మేనేజర్ మంచివాడు, స్వయంగా వచ్చి చెప్పాడు: "వేసవి మధ్యలో మీరు మూసేస్తే నేను అతిథులకు ఏం పరుస్తాను?"

తమాషా ఏంటో తెలుసా? విదేశాలకు పోయే దారిలేక దేశమంతా మన సముద్రం ఒడ్డుకే వచ్చిపడింది. ఇలాంటి జూలై మన ఒడ్డు చూడలేదట. గది దొరకడం లేదు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే, పొరుగు జిల్లా లాండ్రీ లారీలు మన ముందు నుంచే మన హోటళ్ళకు పోతున్నాయి. మూడు షిఫ్టులు నడపాల్సిన నెల. సెప్టెంబర్ దాకా సరిపోతుందన్న డబ్బు జూలైలోనే అయిపోయింది, ఎందుకంటే సెప్టెంబర్‌లో అయిపోతుందని రాశారు కాబట్టి!

శుక్రవారం దివాలా తేల్చే కోర్టు మనిషి వచ్చి తాళాలు మార్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ముప్పై నాలుగు మందినీ ఆవరణలో దూరం దూరంగా నిలబెట్టి నేనే చెప్పాను. కోబుస్ వ్యాను తుడిచి, తాళం నా చేతిలో పెట్టి, వ్యానులో పెట్రోలు సగం ఉందని చెప్పాడు.

బ్యాంకు మీ డబ్బు సంగతి అడిగింది. హోమ్ తెరిచారు కాబట్టి ఇప్పుడు మీరు ఎప్పుడైనా రావచ్చట. ఇప్పుడెందుకు చెప్పండి? కంపెనీలో పోస్తే ముందు బ్యాంకే పట్టుకుపోతుంది. చేతులు కాలాక ఆకులు.

ఆదివారం గుడి అయ్యాక వస్తాను. ఈసారి లోపలికి రానిస్తారు.

మీ యోజీనా


ఖూస్,
ఆగస్టు 4

తల్లీ,

ఆదివారం నువ్వు వచ్చి వెళ్ళాక రాస్తున్నాను. ఎదురుగా కూర్చుంటే ఇద్దరం వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. చెప్పాల్సింది చెప్పలేకపోయాను.

నర్సు ఆ ఆదివారం తలుపు పెట్టెలో వేసి ఉంటే ఏమయ్యేది అని నువ్వు అడగలేదు. అడుగుతావని రోజంతా భయపడ్డాను. పాస్టరుగారిని అడిగాను, ప్రభువు దినాన్ని కాపాడుకున్నావు, తప్పు లేదు అన్నాడు. ఆ నాలుగు మాటలు లేకుండా రాసినదానికి మాత్రం ప్రార్థన చేసుకోమన్నాడు. చేసుకుంటున్నాను. కానీ మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నా మనసు ఆ నాలుగు మాటల దగ్గరికి పోవడం లేదు, ఆ ఆదివారం దగ్గరే తిరుగుతోంది. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు, నీకే చెబుతున్నాను.

తన్నెకె ఇంకా పనిలోనే ఉంది. కోబుస్‌కు ఎక్కడా దొరకలేదట, వేరేవాళ్ళ దగ్గర విన్నాను. ఆవిడ నాతో అనలేదు. "ఉంటుందన్నారు కదా అయ్యగారూ" అని ఒక్కసారి అంటుందేమోనని రోజూ పదింటికి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను. ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అనదు. ఒక్క మాట అన్నా బాగుండేది. కప్పు పెట్టి, చక్కెర వేసి, కలిపి, చెయ్యి వణుకుతుందని నా రెండు చేతుల్లో పెట్టి పట్టుకున్నానో లేదో చూసి, వెళ్ళిపోతుంది.

మీ పెదనాన్న